నాన్నకి రెండు జన్యు పరీక్షలు, ఒకే జన్యువుకి రెండు మాటలు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఏ మందు ఎవరికి పడుతుందో జన్యువుల్ని చూసి చెప్పే పరీక్ష గురించి రాస్తున్నాను, ఫార్మకోజెనోమిక్స్ టెస్ట్ అంటారు. మా నాన్నకి రెండు వేర్వేరు ల్యాబుల్లో రెండుసార్లు చేయించాం. పరీక్షకి నేను 5కి 5 ఇస్తాను. మొదటి ల్యాబ్ సర్వీసుకి 2, రెండోదానికి 4. పేర్లు రాయడం లేదు, ఎవరి దగ్గర చేయించుకున్నా ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం. కాస్త పొడుగ్గా ఉంటుంది, కానీ ఇంట్లో స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చివరిదాకా చదవండి.

నాన్నకి 66 ఏళ్లు, ఒంగోల్లో ఉంటారు. సంక్రాంతి వెళ్లిన వారానికి గుండెలో నొప్పి వచ్చి స్టెంట్ వేశారు. డిశ్చార్జ్ చేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రాశారు. మన దగ్గర స్టెంట్ పడినవాళ్ల మందుల డబ్బాలో చాలావరకు కనిపించే మాత్రలే ఇవి. నాకు టెన్షన్ ఎక్కడ మొదలైందంటే, మా పెదనాన్నకి కూడా నాలుగేళ్ల కింద స్టెంట్ వేశారు, ఇదే మాత్ర ఒక్క పూట కూడా మానకుండా వేసుకున్నారు, అయినా మూడు వారాలు తిరక్కుండానే స్టెంట్ మూసుకుపోయింది. అది జన్యువుల వల్లే అని నేను అనడం లేదు, ఆయనకి ఏ పరీక్షా చేయలేదు. కానీ అదే రక్తం నాన్నది కూడా కదా, ఆ ఆలోచన వచ్చాక నాకు నిద్ర పట్టలేదు.

క్లోపిడోగ్రెల్ సంగతి నాకు అర్థమైనట్టు చెప్తాను. మాత్రలో ఉన్నది వడ్లు లాంటిది, లివర్‌లో మర ఆడితేనే బియ్యం అవుతుంది. ఆ మర ఆడించే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ2సీ19. మింగిన మందులో 85 శాతం దాకా మర దగ్గరికి వెళ్లకముందే పనికిరాకుండా విరిగిపోతుంది, మిగిలిన ఆ కాస్తే మందుగా మారాలి. ఆ మర కూడా సరిగ్గా తిరగకపోతే మాత్ర వేసుకున్నా వేసుకున్నంత రక్షణ ఉండదు. ఈ ఎంజైముని తయారుచేసే, అదే పేరున్న జన్యువు మనకి అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి, రెండు కాపీలు వస్తాయి. కాపీల్లో రకాలకి నక్షత్రం గుర్తు పెట్టి నంబర్లు ఇచ్చారు. *1 మామూలుది. *2, *3 అసలు పని చేయనివి. *17 మామూలు కంటే వేగంగా పని చేసేది. రెండు కాపీలూ పని చేయని వాళ్లకి ఈ మందు సరిగ్గా పని చేయకపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే మందు లేబుల్ మీద నల్లగీతల పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. ఇది మనకెందుకు ముఖ్యమంటే, *2 రకం దక్షిణాసియా వాళ్లలో చాలా మామూలు. బ్రిటన్‌లో స్థిరపడిన బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాల మీద జరిగిన ఒక అధ్యయనంలో సగానికి పైగా మనుషులకి కనీసం ఒక కాపీ పని చేయనిదే అని తేలింది. 2024లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ పక్షవాతం వచ్చి క్లోపిడోగ్రెల్ ఇవ్వాల్సిన వాళ్లకి ముందు ఈ జన్యు పరీక్ష చేయమని సిఫారసు చేసింది.

ఇవన్నీ చదివి, డాక్టర్‌ని అడక్కుండానే, ఆన్‌లైన్‌లో ఒక ల్యాబ్‌కి డబ్బు కట్టాను. ఉమ్మితో చేసే పరీక్ష, 150కి పైగా మందులకి రిపోర్ట్ అన్నారు. ఏడున్నర వేలు. కిట్ మూడో రోజుకే ఒంగోలు చేరింది, ప్యాకింగ్ బాగుంది, అందులో కాగితం మీద తెలుగులో కూడా సూచనలు ఉన్నాయి, అది నిజంగా మెచ్చుకోవాలి. నేను హైదరాబాద్ నుంచి ఆ శని ఆదివారాలు వెళ్లి దగ్గరుండి తీయించాను. అరగంట ముందు నుంచి నీళ్లు కూడా తాగకూడదు. పొద్దున్నే కాఫీ పడకపోతే నాన్నకి నోరు ఎండిపోతుంది. వరండాలో కుర్చీ వేసుకుని చిన్న గరాటులో ఉమ్ముతూ, ట్యూబ్‌ని వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఇంకా గీత దాకా రాలేదేంటమ్మా" అని నాలుగైదుసార్లు అడిగారు. నురగ లెక్కలోకి రాదట, నీళ్లలా ఉన్నదే గీత దాకా రావాలి. చింతకాయ ఊహించుకోండి నాన్నా అన్నాను, అది పని చేసింది. ఇరవై నిమిషాలు పట్టింది. మూత బిగిస్తే అందులోంచి నీలం రంగు ద్రవం దిగి కలిసింది, ఊపి, కవర్‌లో పెట్టి కొరియర్ అబ్బాయికి ఇచ్చాం. పెద్దవాళ్లున్న ఇంట్లో ఉమ్మి కంటే రక్తం ఇవ్వడమే తేలిక అని నా అభిప్రాయం.

పది పనిదినాలు అన్నారు, పంతొమ్మిది రోజులు పట్టింది. మూడుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ "శాంపిల్ ప్రాసెస్‌లో ఉంది మేడం" అనే ఒక్క మాటే. స్టెంట్ వేసిన మొదటి నెల చాలా కీలకమని వాళ్లకి తెలియదా? తెలిసి ఉండాలి కదా, అమ్మేదే ఈ పరీక్ష.

రిపోర్ట్ 46 పేజీలు. ముందు ముప్పై పేజీలు రంగులే. ఆకుపచ్చ అయితే వాడొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే వద్దు. క్లోపిడోగ్రెల్ పక్కన ఆకుపచ్చ టిక్కు, "ఎక్స్‌టెన్సివ్ మెటబొలైజర్" అని ఉంది. మెటబొలైజర్ అంటే మందుని ఒంట్లో మార్చుకునే మనిషి. నేను హమ్మయ్య అనుకున్నాను. నాన్నకి ఫోన్ చేసి మీ మాత్ర మీకు పడుతుంది నాన్నా అని చెప్పేశాను కూడా. ఆ ఫోన్ చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

తర్వాతి వారం చెకప్‌కి ఆ ఫైలు పట్టుకుని వెళ్లాం. డాక్టర్ గారు రంగుల పేజీలన్నీ గబగబా తిప్పేసి, చివర్న చిన్న అక్షరాల్లో ఉన్న పట్టిక దగ్గర ఆగారు. పెన్నుతో ఒక వరుస కింద గీత గీశారు. సీవైపీ2సీ19, *2/*17. "అమ్మా, దీన్ని పట్టుకుని ఆకుపచ్చ ఎలా వేశారు?" అన్నారు. ఆయన చెప్పింది ఇది. నాన్నకి ఒక కాపీ అసలు పని చేయనిది, ఒకటి వేగంగా పని చేసేది. ఒక మర మూతపడింది, రెండోది కాస్త జోరుగా తిరుగుతోంది, కాబట్టి లెక్క సరిపోయిందని ఆ ల్యాబ్ వాళ్లు అనుకున్నారు. కానీ *17 ఉన్నంత మాత్రాన *2 చేసిన నష్టం పూర్తిగా పూడదు. సీపిక్ అంటే జన్యువుని బట్టి మందు ఎలా ఇవ్వాలో చెప్పే నిపుణుల బృందం, అంతర్జాతీయంగా డాక్టర్లు చూసుకునే వాళ్ల మార్గదర్శకాల ప్రకారం *2/*17 అంటే ఇంటర్మీడియెట్ మెటబొలైజర్. అంటే మందు తయారయ్యేది తక్కువే. స్టెంట్ పడిన ఇలాంటి వాళ్లకి వేరే అడ్డంకి లేకపోతే క్లోపిడోగ్రెల్ బదులు ప్రసుగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇవ్వమని 2022 నాటి సీపిక్ సిఫారసు గట్టిగానే చెప్తుంది.

అంటే ల్యాబ్‌లో మిషన్ తప్పు చదవలేదు. అక్షరం సరిగ్గానే చదివి అర్థం తప్పు చెప్పారు. నన్ను బాగా భయపెట్టింది ఇదే, ఎందుకంటే నాలాంటి మామూలు మనిషి పట్టిక చూడరు, టిక్కు చూస్తారు.

డాక్టర్ గారు ఒక్క రిపోర్ట్ మీద మందు మార్చకుండా, వాళ్ల ఆసుపత్రి పంపే వేరే ల్యాబ్‌లో ఆ ఒక్క జన్యువుకే రక్తపరీక్ష రాశారు. మొదటిదాంట్లో సగం ధర కూడా కాలేదు. ఐదో రోజుకి రెండు పేజీల రిపోర్ట్ వచ్చింది. రంగులు లేవు, బొమ్మలు లేవు. *2/*17, ఇంటర్మీడియెట్ మెటబొలైజర్, ఏ గైడ్‌లైన్ ప్రకారం, అది ఏ సంవత్సరానిది, ఏయే రకాల కోసం వెతికారు, వేటికోసం వెతకలేదు, అన్నీ రాసి ఉన్నాయి. వీళ్లకి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రిపోర్ట్ డాక్టర్లకి తప్ప ఇంట్లోవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, ఫోన్‌లో వివరించే మనిషి కూడా లేరు. మొదటి ల్యాబ్‌లో అయితే కౌన్సెలర్‌తో అరగంట మాట్లాడే సౌకర్యం ఉంది, కాకపోతే ఆ అమ్మాయి కూడా రంగులే చదివి వినిపించింది.

"ఎక్స్‌టెన్సివ్" అన్న మాట దగ్గర కూడా ఆగాలి. ఆ మాట పాతది. ఎక్స్‌టెన్సివ్ అంటే బోలెడంత అనిపిస్తుంది, కానీ దాని అర్థం మామూలు అనే. ఒకే ఫలితానికి ఒక్కో ల్యాబ్ ఒక్కో పేరు పెడుతుంటే గందరగోళం అవుతోందని, సీపిక్ వాళ్లు నిపుణులందరినీ అడిగి 2017లో మాటల్ని ఒకటి చేశారు. అల్ట్రార్యాపిడ్, ర్యాపిడ్, నార్మల్, ఇంటర్మీడియెట్, పూర్. ఐదే మాటలు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక ల్యాబ్ పాత మాట వాడుతోందంటే, వాళ్ల పట్టిక కూడా పాతదే అయి ఉండొచ్చని అనుమానించాలి. నాన్న రిపోర్ట్‌లో జరిగింది సరిగ్గా అదే అనుకుంటున్నాను.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. రిపోర్ట్‌లో *1 అని ఉంటే ఆ జన్యువు బాగుందని కాదు, వాళ్లు వెతికిన లోపాలేవీ కనిపించలేదని అర్థం. రెండే రకాల కోసం వెతికిన ల్యాబ్ *1 అంటుంది, పది రకాల కోసం వెతికిన ల్యాబ్ కూడా *1 అంటుంది, రెండూ ఒకటి కాదు. అందుకే అమెరికాలో మాలిక్యులర్ పాథాలజీ వాళ్ల సంఘం ఏఎంపీ 2018లో సీవైపీ2సీ19 పరీక్ష చేసే ప్రతి ల్యాబ్ కనీసం *2, *3, *17 మూడూ చూడాలని ఒక కనీస జాబితా ఇచ్చింది. తర్వాత సీవైపీ2సీ9, సీవైపీ2డీ6 లాంటి జన్యువులకీ ఇచ్చారు. మీరు డబ్బు కట్టే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఏ జన్యువులో ఏయే స్టార్ రకాలు చూస్తారో జాబితా పంపమనండి. ల్యాబుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ల్యాబ్‌కి ఉందా అని అడిగి ఊరుకోకండి, మీరు చేయించుకునే ఈ పరీక్షకే ఉందా అని అడగండి, ఎందుకంటే ఆ గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు.

రిపోర్ట్ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే జన్యువు తెలిసినంత మాత్రాన మందు తేలిపోదు. మొదటి ల్యాబ్ రిపోర్ట్‌లో ఎరుపు వచ్చినవాళ్లకి బదులు మందులంటూ ప్రసుగ్రెల్ పేరు ముందు ఉంది. నాన్నకి రెండేళ్ల కింద ఒక సాయంత్రం మూతి పక్కకి పోయి, మాట ముద్దగా వచ్చి, గంటలో సర్దుకుంది. చిన్న స్ట్రోక్ లాంటిదన్నారు అప్పుడు. అలాంటిది వచ్చినవాళ్లకి ప్రసుగ్రెల్ ఇవ్వకూడదు, మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. ఆ ల్యాబ్ ఫారంలో దీని గురించి అడిగే గడే లేదు. నేను గనక రిపోర్ట్ చూసి మెడికల్ షాప్‌లో సొంతంగా మందు మార్పించి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను. దయచేసి ఎవరూ అలా చేయకండి, స్టెంట్ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా మాత్ర ఆపకూడదు.

అలాగే నాన్న గ్యాస్ కోసం రోజూ పరగడుపున ఒమెప్రజోల్ వేసుకుంటున్నారు, వీధి చివర మందుల షాపులో ఎప్పుడో ఇచ్చింది, ఇంకా నడుస్తోంది. ఒమెప్రజోల్ ఆ సీవైపీ2సీ19 మరనే ఆపుతుంది. అంటే ఉన్న సగం మరకి కూడా ఈ మాత్ర అడ్డం. క్లోపిడోగ్రెల్‌తో ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ కలపొద్దని ఎఫ్‌డీఏ హెచ్చరిక ఎప్పటినుంచో ఉంది. జన్యువు రిపోర్ట్‌లో ఇవేవీ కనిపించవు, ఎందుకంటే మనిషి వేసుకునే మిగతా మందులు ఎవరూ అడగలేదు. డాక్టర్ గారు సంచిలోని మందులన్నీ బల్ల మీద పరిచి చూసి, దాన్ని పాంటాప్రజోల్‌కి మార్చారు. క్లోపిడోగ్రెల్ తీసేసి టికాగ్రెలార్ రాశారు, 90 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. దాంతో కొందరికి కాస్త ఆయాసం అనిపిస్తుంది, భయపడి మానేయకండి, నాకు ఫోన్ చేయండి అని ముందే చెప్పారు. నాన్నకి మొదటి పది రోజులు నిజంగానే అనిపించింది. ముందే చెప్పబట్టి మానేయలేదు.

ఇక ఆ 150 మందుల మాట. ఎక్కువ మందులు ఉంటే మంచి ప్యాకేజీ అనుకుని కొన్నాను, అది పొరపాటు. సీపిక్ వాళ్లు జన్యువు, మందు జతలకి ఆధారం ఎంత బలంగా ఉందో బట్టి ఎ, బి, సి, డి అని స్థాయిలు ఇస్తారు. ఎ అంటే దాన్ని బట్టి మందు మార్చొచ్చు. సి, డి అంటే దాని మీద మందు మార్చమని చెప్పరు. నా దగ్గరున్న రిపోర్ట్‌లో అన్నిటికీ ఒకే సైజు రంగు చుక్క. డిప్రెషన్‌కి ఏ మందు పని చేస్తుందో జన్యు పరీక్ష చెప్పేస్తుందని ప్రచారం చేసే వాటి గురించి 2018లోనే ఎఫ్‌డీఏ హెచ్చరించింది, ఆధారం చాలని పరీక్షల్ని చూసి మందులు మార్చొద్దని.

జాబితాలో నిజంగా ఉండాల్సినవి కొన్ని లేవు. ఇక్కడ మన తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆపరేషన్ ముందు గొంతులో ట్యూబ్ వేయడానికి కండరాల్ని వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు, మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. మన వైశ్య కుటుంబాల్లో ఈ ఎంజైమ్ లోపం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా ఉందని, ఎన్నో తరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడమే దానికి కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు భాగస్వాములుగా ఉండి 2017లో వచ్చిన పరిశోధనలో కూడా దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. లోపం ఉన్నవాళ్లకి ఆ మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ముందే తెలిస్తే డాక్టర్లు వేరే మందు వాడతారు, అంతే, ఏ ప్రమాదమూ ఉండదు. హైదరాబాద్‌లో, విజయవాడలో అమ్మే ఈ ప్యాకేజీలో ఆ ఎంజైమ్ జన్యువు లేదు. ఎక్కడివాళ్ల కోసమో తయారైన జాబితాని ఇక్కడ అమ్ముతున్నారనిపించింది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్‌లో మత్తు తర్వాత ఊపిరి అందడానికి చాలాసేపు పట్టిందని పెద్దవాళ్లు చెప్పి ఉంటే, మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఎన్‌యూడీటీ15 కూడా లేదు. కీళ్లవాతానికో పేగుల జబ్బుకో అజాథయోప్రిన్ వాడేవాళ్లకి తెల్లకణాలు పడిపోయి జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడే ప్రమాదం ఎవరికుందో చెప్పే జన్యువు అది. అదే మందుకి చూసే టీపీఎంటీ అనే ఇంకో జన్యువుని మాత్రం పెట్టారు. ఆసియా వాళ్లలో ఎన్‌యూడీటీ15 లోపమే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంత చెప్పాక కూడా పరీక్షకి 5కి 5 ఎందుకిచ్చానంటే, సరిగ్గా చేస్తే ఇది నిజంగా మనుషుల్ని కాపాడుతుంది. యూరప్‌లో 7 దేశాల్లో దాదాపు 7 వేల మంది మీద జరిగిన ప్రిపేర్ అధ్యయనం 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 12 జన్యువులు ముందే చూసి మందు ఇచ్చినవాళ్లలో, బాధపెట్టే దుష్ప్రభావాలు సుమారు 30 శాతం తగ్గాయి. ఏడు దేశాల్లోనూ ఒకే జన్యువులు, ఒకే మార్గదర్శకాలు వాడారు, అందుకే ఆ ఫలితాన్ని నమ్మగలుగుతున్నాం. కేన్సర్‌కి వాడే 5-ఎఫ్‌యూ, కాపెసిటబిన్ ఇచ్చే ముందు ఆ మందుల్ని ఒంట్లో విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైమ్ లోపం ఉందేమో చూడమని యూరప్ మందుల సంస్థ 2020లో సిఫారసు చేసింది, ఆ లోపం ఉన్నవాళ్లకి మామూలు డోసే ప్రాణం మీదికి తెస్తుంది. నెదర్లాండ్స్‌లో ఫార్మసిస్టుల సంఘం 2005లోనే దీనికి ఒక బృందాన్ని పెట్టింది, అక్కడ మందుల షాపు కంప్యూటర్‌లోనే హెచ్చరిక వస్తుంది. మనకి అది కావాలి. ప్రతి ల్యాబ్ ఒకే కనీస జాబితా చూడాలి, ఒకే మాట వాడాలి, ఏ సంవత్సరం గైడ్‌లైన్‌తో అర్థం చెప్పారో మొదటి పేజీలో రాయాలి. *2/*17 ఒంగోల్లో ఒకటి, గుంటూరులో ఇంకొకటి కాకూడదు.

"నాకు ఆ మందు పడదు" అని మా నాయనమ్మ అంటే మేము చాదస్తం అనుకునేవాళ్లం. ఆవిడకి కోడీన్ ఉన్న దగ్గు మందు రెండు చెంచాలకే మత్తుగా తూలేది. సీవైపీ2డీ6 ఎంజైమ్ బాగా వేగంగా పని చేసేవాళ్లకి కోడీన్ ఒంట్లో ఎక్కువగా మార్ఫిన్ అయిపోతుందని ఇప్పుడు చదివి, ఆవిడ మాట ఎందుకు వినలేదా అనిపిస్తోంది.

రెండో రిపోర్ట్ మొదటి పేజీని చిన్నది చేసి లామినేషన్ చేయించి నాన్న పర్సులో పెట్టాను, వెనకవైపు "ఒమెప్రజోల్ వద్దు, ప్రసుగ్రెల్ వద్దు" అని తెలుగులో రాశాను. ఇంకో కాపీ అమ్మ ఫోన్‌లో ఉంది. జన్యువు మారదు కాబట్టి ఈ పరీక్ష మళ్లీ చేయించక్కర్లేదు, కాగితం పోకుండా చూసుకుంటే చాలు.

మొదటి ల్యాబ్‌కి రెండు రిపోర్టులూ జతచేసి మెయిల్ పెట్టాను, డబ్బు వాపసు అడగలేదు, ఇదే *2/*17 ఉన్న మిగతా అందరికీ సరిచేసిన రిపోర్ట్ పంపమని అడిగాను. పన్నెండు రోజులైంది. "మా టీమ్ పరిశీలిస్తోంది" అని ఒక జవాబు వచ్చింది. వాళ్లు సరిచేశామని చెప్తే ఈ రివ్యూ మార్చి మార్కులు పెంచుతాను. ఈలోగా ఆకుపచ్చ టిక్కు చూసి ఊరుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, రిపోర్ట్ చివరి పేజీల్లో పట్టిక తీసి సీవైపీ2సీ19 వరుసలో *2 గానీ *3 గానీ ఉందేమో చూడండి, ఉంటే ఆ కాగితం పట్టుకుని రేపే మీ గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లండి.